రెక్క ఎంత వంగవచ్చు? ఫార్ములా వన్‌లో తెగని వివాదం

ఫార్ములా వన్ కారుకు ముందొకటి, వెనకొకటి రెక్క ఉంటుంది. విమానాన్ని పైకి లేపే రెక్కను తలకిందులు చేసి బిగిస్తే ఎలా ఉంటుందో ఇవి అలా పనిచేస్తాయి. వీటి మీదుగా పోయే గాలి కారును నేలకేసి అదుముతుంది. ఆ బలాన్ని డౌన్‌ఫోర్స్ అంటారు. మలుపులో టైర్లు పక్కకు జారకుండా పట్టు నిలిచేది చాలావరకు దీనివల్లే. అయితే కారును అదిమే రెక్క గాలికి అడ్డు కూడా పడుతుంది. తిన్నని దారిలో ఆ అడ్డు వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే మలుపులు ఎక్కువున్న ట్రాక్‌లో రెక్కను నిటారుగా లేపి, తిన్నని దారులు ఎక్కువున్న ట్రాక్‌లో కాస్త పడుకోబెట్టి బిగిస్తారు. ఎలా బిగించినా ఎక్కడో ఒకచోట కొంత నష్టం తప్పదు.

ఆ నష్టాన్ని తప్పించుకునే దారి ఒకటుంది. మలుపులో నిటారుగా నిలిచి, తిన్నని దారిలో వేగం పెరిగాక తనంతట తానే వెనక్కి వాలే రెక్క ఉంటే రెండు చోట్లా లాభమే. దానికి గాలే సాయపడుతుంది. వేగం రెట్టింపైతే రెక్క మీద గాలి మోపే బలం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి గంటకు 150 కిలోమీటర్ల దగ్గర దాదాపు కదలని రెక్క 300 కిలోమీటర్ల దగ్గర వంగేలా తయారుచేయడం సాధ్యమే. ముందు రెక్క వంగడంలో లాభాలు వేరు. దాని చివరలు నేలకు దగ్గరైతే అదిమే బలం పెరుగుతుంది. దాని వెనక అంచున ఉండే పలకలు (ఫ్లాపులు) వేగంలో వెనక్కి తిరిగితే, నెమ్మది మలుపుల కోసం ముందు భాగంలో పెంచుకున్న పట్టు వేగవంతమైన మలుపుల్లో మితిమీరకుండా ఉంటుంది. కారు వెనక భాగం జారిపోతుందన్న భయం లేకుండా డ్రైవరు ధైర్యంగా నడపగలుగుతాడు.

ప్రమాదం నుంచి పుట్టిన నిబంధన

ఫార్ములా వన్‌లో రెక్కలు 1968లో వచ్చాయి. కొద్ది నెలల్లోనే జట్లు వాటిని సన్నటి కడ్డీల మీద మనిషెత్తున నిలిపి, నేరుగా చక్రాల సస్పెన్షన్‌కు తగిలించడం మొదలుపెట్టాయి. 1969 మే నెలలో బార్సిలోనాలోని మోంట్‌జుయిక్ పార్క్ ట్రాక్ మీద స్పానిష్ గ్రాండ్ ప్రి జరుగుతుండగా లోటస్ జట్టు కార్లు రెండింటి వెనక రెక్కలూ కూలిపోయాయి. మొదట గ్రాహం హిల్, కొన్ని ల్యాపుల తర్వాత యోఖెన్ రిండ్ట్, దాదాపు ఒకే చోట రక్షణ కంచెను ఢీకొన్నారు. రిండ్ట్ గాయపడ్డాడు. తర్వాతి పోటీ మొనాకోలో. అక్కడ ప్రాక్టీసు మొదలయ్యాక ఆ ఎత్తు రెక్కలను నిషేధించారు.

ఇప్పటి నిబంధన వేళ్లు అక్కడే ఉన్నాయి. కారు చుట్టూ గాలి ప్రవాహాన్ని ప్రభావితం చేసే ప్రతి భాగమూ గట్టిగా బిగించి ఉండాలి, కారు దేహంతో పోలిస్తే కదలకూడదు అన్నది దాని సారాంశం. 2011లో డీఆర్ఎస్ రావడంతో ఒక్క మినహాయింపు దొరికింది. ముందున్న కారుకు ఒక సెకను లోపు దూరంలో ఉన్న డ్రైవరు, నిర్ణయించిన చోట మీట నొక్కి వెనక రెక్కలోని ఫ్లాపును తెరవగలిగేవాడు. అది అందరికీ తెలిసేలా, అందరికీ ఒకే షరతు మీద ఇచ్చిన అనుమతి. అనుమతి లేకుండా అదే ఫలితాన్ని గాలి చేత రాబట్టుకోవడం దగ్గరే తగాదా.

నిబంధన ఒకటి, కొలత ఒకటి

కదలకూడదని రాయడం తేలిక. కానీ బలం పడితే వంగని పదార్థం ప్రపంచంలో లేదు. పూర్తిగా వంగని రెక్కను ఎవరూ తయారుచేయలేరు, చేసినా దాని బరువుతో కారు నడవదు. కాబట్టి క్రీడను నియంత్రించే ఎఫ్ఐఏ, నిబంధనకు తోడుగా పరీక్షలు పెట్టింది. తనిఖీ గ్యారేజీలో కారును నిలిపి, రెక్క మీద నిర్ణీత చోట నిర్ణీత బలం మోపి, అది ఎన్ని మిల్లీమీటర్లు వంగిందో కొలుస్తారు. పరిమితిలో ఉంటే కారు పాసైనట్టు.

చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. పరీక్ష కొన్ని చోట్ల, కొన్ని దిశల్లో, కారు నిలిచి ఉన్నప్పుడు జరుగుతుంది. ట్రాక్ మీద గాలి అన్ని చోట్లా ఒకేసారి, అంతకంటే ఎక్కువ బలంతో తోస్తుంది. రెక్కలు చేసేది కార్బన్ ఫైబర్‌తో. నేత బట్టను నూలు వెంట లాగితే సాగదు, ఐమూలగా లాగితే సాగుతుంది. కార్బన్ ఫైబర్ గుణమూ అదే. పోగుల దిశనూ పొరల వరసనూ మార్చి, ఒక దిశలో బిరుసుగా, మరో దిశలో మెత్తగా ఉండే రెక్కను చేయవచ్చు. అలాంటి రెక్క పరీక్షలో నిలుస్తుంది, పరీక్ష చూడని దిశలో మెలితిరుగుతుంది.

ఈ స్వేచ్ఛకు హద్దు ఉంది. 2011 అక్టోబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ ట్రాక్ మీద తొలి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగినప్పుడు, ఫెరారీ డ్రైవరు ఫెలిపె మాసా కారు ముందు రెక్క ప్రాక్టీసులో పైకీ కిందికీ ఊగడం అందరి కంటా పడింది. వంగే రెక్క ఒక దశ దాటితే గాలి బలానికి కంపించడం మొదలుపెడుతుంది. కంపనం పెరిగితే రెక్క విరిగే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఇది ఎవరికెంత లాభమన్న లెక్కతో ముగిసేది కాదు, డ్రైవర్ల ప్రాణాలకు సంబంధించిన విషయం కూడా.

వివాదాల వరస

2010లో రెడ్ బుల్ కార్ల ముందు రెక్క చివరలు వేగంలో నేలకు బాగా దగ్గరవుతున్నాయని ప్రత్యర్థులు ఫొటోలు చూపించారు. ఎఫ్ఐఏ పరీక్షల్లో మాత్రం ఆ రెక్కలు పాసయ్యాయి. అప్పటి పరీక్ష 50 కిలోల బలానికి 10 మిల్లీమీటర్ల వంపును అనుమతించేది. ఆ ఏడాది బెల్జియం పోటీ నుంచి బలాన్ని 100 కిలోలకు, పరిమితిని 20 మిల్లీమీటర్లకు పెంచారు. నిష్పత్తి మారలేదు కదా, మరి కఠినం ఎలా అయిందన్న సందేహం రావచ్చు. 50 కిలోల దాకా బిరుసుగా ఉండి, అక్కణ్నుంచి ఒక్కసారిగా లొంగిపోయే రెక్క ఎక్కడైనా ఉంటే పట్టుకోవడమే ఈ మార్పు ఉద్దేశం.

2014లో అబుదాబీలో కథ మరోలా నడిచింది. సెబాస్టియన్ వెటెల్, డేనియల్ రికియార్డోల రెడ్ బుల్ కార్ల ముందు ఫ్లాపులు గాలి బలానికి వంగేలా రూపొందించినవని తేలడంతో, పోటీలో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే క్వాలిఫయింగ్ ఫలితాల నుంచి ఇద్దరినీ తొలగించారు. ఇద్దరూ అందరి వెనక, పిట్ లేన్ నుంచి బయలుదేరాల్సి వచ్చింది. వంగేలా రూపొందించడమే తప్పన్న తీర్పు అది.

2021లో స్పానిష్ గ్రాండ్ ప్రి సమయంలో మెర్సిడెస్ డ్రైవరు లూయిస్ హామిల్టన్ రెడ్ బుల్ వెనక రెక్క గురించి బహిరంగంగా మాట్లాడాడు. తిన్నని దారిలో ఆ రెక్క వెనక్కి వాలి, మలుపుకు ముందు మళ్లీ లేవడం కెమెరాలో కనిపించింది. ఎఫ్ఐఏ కొత్త పరీక్షలు ప్రకటించింది, కానీ జూన్ 15 నుంచి అమలు చేస్తామని, మొదటి నెల 20 శాతం సడలింపు ఉంటుందని చెప్పింది. ఈలోగా అజర్‌బైజాన్‌లోని బాకూలో పోటీ ఉంది. అక్కడ చాలా పొడవైన తిన్నని దారి ఉంది. తప్పని తెలిశాక ఆ పోటీకి ఎందుకు అనుమతించాలని మెర్సిడెస్ అధిపతి టోటో వోల్ఫ్ నిలదీసి, అధికారికంగా ఫిర్యాదు చేస్తామని హెచ్చరించాడు. పరీక్షలో పాసైన రెక్కను రాత్రికి రాత్రి మార్చమనడం న్యాయం కాదన్నది రెండో పక్షం వాదన. రెక్కల మీద చుక్కలు అతికించి, వెనక్కి చూసే కెమెరాతో ఆ చుక్కలు ఎంత కదిలాయో కొలిచే పద్ధతి కూడా అప్పుడే వచ్చింది.

2024 సెప్టెంబరులో అదే బాకూలో మెక్‌లారెన్ డ్రైవరు ఆస్కార్ పియాస్ట్రీ, వెంటాడుతున్న ఫెరారీ డ్రైవరు షార్ల్ లెక్లెర్‌ను చివరిదాకా నిలువరించి గెలిచాడు. పియాస్ట్రీ కారు వెనక రెక్కలోని పై ఫ్లాపు ముందు అంచు వేగంలో కాస్త పైకి లేచి సందు తెరుచుకోవడం వీడియోలో కనిపించింది. ఆ రెక్క కూడా పరీక్షల్లో పాసైనదే. ఎఫ్ఐఏతో చర్చల తర్వాత మెక్‌లారెన్ దాన్ని మార్చడానికి ఒప్పుకుంది.

2025లో కొలతలు మరింత బిగిశాయి. 75 కిలోల బలం మోపినప్పుడు వెనక రెక్క సందులో మార్పు 2 మిల్లీమీటర్లు దాటకూడదన్నది ఏడాది మొదట్లో ఉన్న పరిమితి. రెండో పోటీ చైనాలో దాన్ని అర మిల్లీమీటరుకు తగ్గించి, సమయం చాలనందున ఆ ఒక్క పోటీకి మరో పావు మిల్లీమీటరు సడలించారు. జూన్ 1న జరిగిన స్పానిష్ గ్రాండ్ ప్రి నుంచి ముందు రెక్క వంపును, రెండు వైపులా 100 కిలోల చొప్పున బలం పడినప్పుడు, 15 నుంచి 10 మిల్లీమీటర్లకు తగ్గించారు. దీనితో మెక్‌లారెన్ జోరు తగ్గుతుందని చాలామంది అనుకున్నారు. ఆ పోటీలో మొదటి రెండు స్థానాలూ మెక్‌లారెన్‌కే దక్కాయి. ఒక జట్టు వేగమంతా వంగే రెక్కలోనే ఉందనుకోవడం తొందరపాటని ఆ ఫలితం చూపింది.

ఎవరు తేలుస్తారు?

ఈ తగాదాల్లో ఎఫ్ఐఏ సాంకేతిక విభాగం టెక్నికల్ డైరెక్టివ్ పేరుతో జట్లకు వివరణలు పంపుతుంది. అవి నిబంధనను తామెలా అర్థం చేసుకుంటున్నామో, ఎలా తనిఖీ చేస్తామో చెబుతాయి. తీర్పు చెప్పే అధికారం మాత్రం ఆ పోటీకి నియమించిన స్టీవర్డులది. వారి నిర్ణయం నచ్చని జట్టు ఎఫ్ఐఏ అప్పీలు కోర్టుకు వెళ్లవచ్చు.

వాదనలు ప్రధానంగా రెండు. పరీక్ష పాసైతే కారు సక్రమమైనదే, ఎందుకంటే కొలవగలిగేది అదొక్కటే అన్నది మొదటిది. పరీక్ష నిబంధనకు సాధనమే తప్ప నిబంధన కాదు, కదలకూడదన్న మాటే అసలుది అన్నది రెండోది. ఎప్పుడైనా కొత్త పరీక్ష పెట్టే హక్కును ఎఫ్ఐఏ నిబంధనల్లోనే తన దగ్గర ఉంచుకోవడం రెండో వాదనకు బలం. కానీ సీజన్ మధ్యలో కొలత మారితే రెక్కలు కొత్తగా చేసుకోవాలి. 2021 నుంచి జట్ల ఖర్చుకు పరిమితి ఉంది కాబట్టి ఆ భారం చిన్నది కాదు. నిన్నటిదాకా సరైనదన్న పనికి నేడు శిక్ష వేయడం అన్యాయం, కనిపిస్తున్న లొసుగును కొనసాగనివ్వడం మిగతా జట్లకు అన్యాయం. ముందుగా గడువు చెప్పి, అందరికీ ఒకే రోజు నుంచి కొలత మార్చడమే ఈ రెంటి మధ్య ఉన్న నిజాయితీ గల మార్గం. ఎఫ్ఐఏ ఎక్కువసార్లు ఎంచుకున్నదీ అదే.

2026 నిబంధనలు డీఆర్ఎస్‌ను తీసేసి, ముందు, వెనక రెక్కలు రెండూ మలుపుల్లో ఒక స్థితిలో, తిన్నని దారుల్లో మరో స్థితిలో ఉండేలా యంత్రంతో కదిలేందుకు అనుమతించాయి. రెక్కను వంచి దొంగచాటుగా సంపాదించే లాభంలో పెద్ద భాగం ఇప్పుడు చట్టబద్ధంగా అందరికీ దక్కుతుంది. అయినా పరీక్షల అవసరం తీరదు. కదలడానికి అనుమతి లేని భాగాలు ఇంకా ఉన్నాయి, కదిలే భాగాలకూ హద్దులున్నాయి. గాలి బలం ఉన్నంతకాలం ప్రతి భాగమూ ఎంతో కొంత వంగుతుంది. ఆ ఎంతో కొంతకు అందరూ ఒప్పుకునే అంకె ఉండాలి, దాన్ని అందరి కార్ల మీదా ఒకేలా కొలవాలి. పోటీకి విలువ నిలిచేది అప్పుడే.