ఉద్యోగం బ్యాంకులో.. మనసు ఎల్డొరాడోలో!

పగలంతా బ్యాంకు కొలువు. కళ్లు మూసుకుంటే సముద్రపు అల మీద నడిచొచ్చే అమ్మాయి. ఎంత వదిలించుకుందామన్నా ఆమె తలలోంచి పోదు. రాబిన్‌హుడ్‌, ఐవన్‌హోలాంటి వీరుల పక్కన తన బతుకు మరీ చప్పగా ఉందని అతగాడి దిగులు. మన భావకవుల ఊహాసుందరికి ఈమె దూరపు చుట్టమే అనిపిస్తుంది.

‘ఎల్డొరాడో’ ఆల్బమ్‌ హీరో ఇతనే. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌కి చెందిన ఎలక్ట్రిక్‌ లైట్‌ ఆర్కెస్ట్రా బ్యాండ్‌ 1974లో తెచ్చిన కాన్సెప్ట్‌ ఆల్బమ్‌ ఇది. అంటే పాటలన్నీ ఒకే కథ చుట్టూ తిరుగుతాయి. మన సినిమా పాటలకు కథ తెర మీద ఉంటుంది. ఇక్కడ తెర లేదు, పాటలే సినిమా. ఎల్డొరాడో అన్న పేరే ఓ భ్రమ. దక్షిణ అమెరికాలో ఉందని నమ్మి స్పెయిన్‌ వాళ్లు ఏళ్లతరబడి వెతికిన, ఎవరికీ దొరకని బంగారు నగరమది.

దీని వెనక ఓ తండ్రి విసుగు ఉంది. బ్యాండ్‌ సారథి జెఫ్‌ లిన్‌ నాన్నకి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఇష్టం. నీ పాటల్లో అసలు ట్యూనే లేదని కొడుకు మొహం మీదే అనేశాడు. అదీ ఇంట్లోవాళ్ల నోటి నుంచి! లిన్‌ వాదనకి దిగలేదు. ముందు కథ అనుకున్నాడు, ఆ తర్వాతే బాణీలు. అంతకుముందు ఆల్బమ్‌లలో బ్యాండ్‌లోని ఒక వయొలిన్‌, రెండు చెలోలనే మళ్లీమళ్లీ రికార్డు చేసి, ఒకదానిపై ఒకటి పేర్చేవారు. ఈసారి 30 మంది ఆర్కెస్ట్రాని పిలిపించారు, కోరస్‌నీ పెట్టారు. వాటికి తగ్గట్టు స్వరాలు కూర్చడంలో లూయిస్‌ క్లార్క్‌ సాయపడ్డాడు. మ్యూజిక్‌ అరేంజర్‌ అంటే ఏం చేస్తాడో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఈ ఆల్బమ్‌ని శ్రద్ధగా వింటే చాలు.

మరి కథానాయకుడు కలల్లోకి పారిపోయి సుఖపడ్డాడా? అక్కడే ఉంది తిరకాసు. ‘బాయ్‌ బ్లూ’ పాటలో యుద్ధం నుంచి తిరిగొచ్చిన వీరుడికి ఊరంతా ఘనస్వాగతం పలుకుతుంది. అతనికి మాత్రం ఆ సంబరం పట్టదు, ఇక ఆయుధం పట్టనంటాడు. కలలోకీ వాస్తవం చొరబడిందన్నమాట. ‘ఇల్యూజన్స్‌ ఇన్‌ జి మేజర్‌’ వచ్చేసరికి పేరులోనే భ్రమలు, బీటేమో పక్కా రాక్‌ అండ్‌ రోల్‌.

కవర్‌ చూడండి. 1939 నాటి ‘ద విజార్డ్‌ ఆఫ్‌ ఓజ్‌’ సినిమాలోని ఎర్రటి మెరుపు చెప్పుల ఫొటో. ఆ సినిమాలో డొరొతీ ఆ చెప్పుల సాయంతోనే కలలోకం వదిలి ఇంటికి చేరుతుంది. మన బ్యాంకు బాబుది రివర్స్‌ గేరు. వెనక్కి రానంటాడు, ఎల్డొరాడోలోనే ఉండిపోతానంటాడు. అది గెలుపో ఓటమో లిన్‌ తేల్చలేదు. నాకైతే ఓటమే అనిపిస్తుంది. కానీ ఆ టైటిల్‌ పాటలో ఆర్కెస్ట్రా ఉప్పెనలా లేచినప్పుడు అతనిదే రైటనిపిస్తుంది. మనల్నీ అదే భ్రమలో పడేయడం ఈ సంగీతం చేసే మాయ!

అలపై నడిచిన అమ్మాయి పాట అమెరికా సింగిల్స్‌ చార్టులో 9వ స్థానానికి చేరింది. సొంతగడ్డ బ్రిటన్‌లో మాత్రం ఆల్బమ్‌కి చార్టులోనే చోటు దక్కలేదు. మొత్తం వినడానికి 40 నిమిషాలు కూడా పట్టదు. వినేటప్పుడు షఫుల్‌ మాత్రం ఆపేయండి. మొదట్లో వినిపించిన సంగీతమే చివర్లో మళ్లీ వస్తుంది. అప్పటికి కథ మారిపోయి ఉంటుంది, అందుకే అదే బాణీ వేరేలా తోస్తుంది.