తపాలాలో వచ్చే ప్రయోగశాల

చరిత్రను ఇంటివద్ద కూర్చొని చదువుకోవచ్చు. వ్యాకరణమూ అంతే, మంచి గ్రంథం ఒకటి చేతిలో ఉంటే చాలు. కాని రసాయనశాస్త్రం మాటేమిటి? ఎర్ర లిట్మస్ కాగితం క్షారంలో నీలంగా మారుతుందని పుస్తకంలో వందసార్లు చదివినవానికంటే, దానిని ఒక్కసారి సున్నపుతేటలో ముంచి చూచినవానికి ఆ సంగతి బాగా తెలుసు. మరి ఉద్యోగంలోనో, సేద్యంలోనో, ఇంటిపనిలోనో తీరిక లేకుండా ఉన్న వయోజనులు విజ్ఞానశాస్త్రం నేర్చుకోదలిస్తే ఏమి చేయాలి? వారు కళాశాలకు పోలేరు. అట్లాగని ప్రయోగశాలను వారి ఇంటికి పంపగలమా?

ఇంటికి పాఠాలు పంపే పద్ధతి కొత్తది కాదు. 1840లో ఇంగ్లండులో ఒక పెన్నీ ఖర్చుతో దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే ఏర్పాటు వచ్చింది. ఐజాక్ పిట్మన్ దానిని ఆధారం చేసుకొని తన సంక్షిప్తలిపిని తపాలా ద్వారా నేర్పసాగాడు. విద్యార్థి అభ్యాసం వ్రాసి పంపేవాడు. తప్పులు దిద్దిన కాగితం తిరిగి వచ్చేది. కలం, కాగితం తప్ప మరేమీ అక్కరలేని విద్య కనుక అది చక్కగా సాగింది. విజ్ఞానశాస్త్రానికి ఇంత మాత్రం చాలదు. అయినా ఆ దిద్దిన కాగితాన్ని మరచిపోకూడదు. దూరవిద్యలో పాఠం విద్యార్థిని చేరటం సులభమే. విద్యార్థి జవాబు గురువును చేరి, మరల వెనుకకు రావటంలోనే అసలు చదువు ఉన్నది. అమెరికాలో బోస్టను నగరంలో స్త్రీలకు ఇంటివద్దనే చదువు చెప్పటానికి 1873లో ఒక సంఘం ఏర్పడింది. 1876 నుండి అందులో విజ్ఞానశాస్త్ర శాఖను నడిపిన రసాయనశాస్త్రజ్ఞురాలు ఎలెన్ స్వాలో రిచర్డ్స్ కూడా ఉత్తర ప్రత్యుత్తరాలనే నమ్ముకొన్నారు.

ప్రయోగశాలను నిజంగానే తపాలాలో పంపిన ఘనత బ్రిటనులోని ఓపెన్ యూనివర్సిటీది. 1969లో దీనికి రాజశాసనం లభించింది. 1971 జనవరిలో పాఠాలు ప్రారంభమైనవి. చేరటానికి పూర్వపు పరీక్షల యోగ్యతాపత్రాలేవీ అడగలేదు. తొలి సంవత్సరాలలో చేరినవారిలో ఉపాధ్యాయులే పెద్ద వర్గం కావటం గమనించదగినది. అచ్చు పాఠాలు తపాలాలో వచ్చేవి. వాటికి తోడుగా బి.బి.సి. రేడియోలోను, టెలివిజనులోను ప్రసంగాలు ఉండేవి. విజ్ఞానశాస్త్రంలో చేరినవారికి వీటితోపాటు ఒక పెట్టె కూడా వచ్చేది. గాజుసామాను, రసాయనాలు, వర్ణమాపకం, సూక్ష్మదర్శిని - అన్నీ అందులోనే. ఆ పెట్టె విప్పిన దినం ఆ ఇంటి పిల్లలకు పండుగ అయి ఉండాలి. చదువు ముగిసిన తరువాత దానిని తిరిగి పంపవలసి ఉండేది.

ఆ సూక్ష్మదర్శిని సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. సాధారణమైన సూక్ష్మదర్శినిలో కింద వస్తుకటకం, పైన అక్షికటకం ఉంటాయి. వాటి నడుమ గొట్టం పొడవు సామాన్యంగా 160 మిల్లీమీటర్లు. ఈ పొడవు లేకపోతే ప్రతిబింబం తగినంత పెద్దది కాదు. బరువైన ఇనుపపీఠం, పొడవైన గొట్టం గల ఈ పరికరాన్ని వేలకొలది ఇళ్ళకు పంపటం సాధ్యమా? దీనికి ఉపాయం మలేరియా వైద్యంలో దొరికింది. బోర్నియోలో మలేరియా మీద పనిచేసిన జాన్ మెకార్థర్ అనే వైద్యుడు, జేబులో వేసుకొని అడవికి పోదగిన సూక్ష్మదర్శిని కావాలని ఒక ఎత్తు ఎత్తాడు. వెలుగు నిటారుగానే పోవాలని నియమమేమీ లేదు కదా! దాని దారిని మధ్యలో మలిచితే, పొడవు తగ్గకుండానే పరికరం చిన్నదవుతుంది. అద్దం ముందు నిలబడినవాడు తన వెనుక గోడను చూచినప్పుడు వెలుగు గదిని రెండుసార్లు దాటుతున్నది. గది మాత్రం పెరగలేదు. ఇట్లా తయారైన పరికరం ఒక చిన్న కెమెరా అంత ఉంటుంది. ఓపెన్ యూనివర్సిటీ కోసం దానినే 1970ల ఆరంభంలో చౌకగా ప్లాస్టిక్‌తో చేశారు. వంటగది బల్లమీద ఉల్లిపొర కణాలను చూడటానికి అది చాలు.

వర్ణమాపకం ఇంకా సులభమైనది. రంగుద్రావణం ఎంత చిక్కనైతే అది అంత ఎక్కువ వెలుగును మింగుతుంది. దానిగుండా బయటపడిన వెలుగును కొలిచి గాఢతను లెక్కకట్టవచ్చు.

పెట్టెకంటె తక్కువ ఆకర్షణ గలది, కాని అంత ముఖ్యమైనది, పాఠం వ్రాసే తీరు. తరగతిలో ఉపాధ్యాయుడు మధ్య మధ్య ఆగి, "రామయ్యా, ఇప్పుడు ఏమవుతుంది?" అని అడుగుతాడు. దూరవిద్య పాఠంలో ఆ పని అచ్చుకాగితమే చేయాలి. అందువల్ల రెండు మూడు పుటలకు ఒకసారి ఒక ప్రశ్న ఉంటుంది. జవాబు పుస్తకం చివర ఉంటుంది. చాలమంది ఆ ప్రశ్నను దాటవేసి ముందుకు పోతారు. అది పెద్ద నష్టం. అమెరికాలో సెయింట్ లూయీ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులు 2006లో ప్రకటించిన ప్రయోగం దీనిని స్పష్టం చేసింది. ఒక విద్యార్థి బృందం ఒక పాఠాన్ని నాలుగు పర్యాయాలు చదివింది. మరొక బృందం ఒక్క పర్యాయమే చదివి, పుస్తకం మూసి, మూడు పర్యాయాలు జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసింది. వారం తరువాత మొదటివారికి సుమారు 40 శాతం గుర్తున్నది. రెండవవారికి 61 శాతం. ఐదు నిమిషాల తరువాత పరీక్షించినప్పుడు మాత్రం ఎక్కువసార్లు చదివినవారే ముందున్నారు. చదివినవానికి అంతా వచ్చినట్లే తోచటం ఇందువల్లనే. రాత్రి తొమ్మిది గంటలకు అలసి పుస్తకం పట్టే వయోజనుడు ఈ భ్రమలో పడితే, ఉన్న కొద్ది కాలమూ వ్యర్థమవుతుంది.

కాలం లెక్క కూడా ముందే వేసుకోవాలి. ఓపెన్ యూనివర్సిటీ కొలమానంలో 60 క్రెడిట్ల చదువుకు 600 గంటల శ్రమ కావాలి. ఇంత భారం మోయలేనివారికోసం తరువాతి దశాబ్దాలలో అది గ్రహాలు, శిలాజాలు, అగ్నిపర్వతాలు వంటి విషయాలమీద 10 క్రెడిట్ల చిన్న కోర్సులను నడిపింది. అంటే 100 గంటలు. రోజుకు ఒక గంట చొప్పున మూడు నెలల పైచిలుకు. మన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఒక క్రెడిట్ అంటే 30 గంటలు. కనుక క్రెడిట్ల సంఖ్య చూసి మురిసిపోక, గంటలను అడిగి తెలుసుకోవాలి.

ఉచితంగా చేరి మధ్యలో మానివేసేవారి సంఖ్య ఆశ్చర్యం కలిగిస్తుంది. హార్వర్డు, ఎం.ఐ.టి. సంస్థలు ఇంటర్నెట్ ద్వారా నడిపిన కోర్సులలో 2017-18లో చేరిన ప్రతి వందమందిలో ముగ్గురు మాత్రమే పూర్తిచేశారని 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశీలన తెలిపింది. ధ్రువపత్రం కోసం రుసుము చెల్లించినవారిలోనైతే 46 శాతం పూర్తిచేశారు. డబ్బు కట్టినందువల్ల తెలివి పెరగదు. ముగించాలనే నిశ్చయం గలవారే డబ్బు కడతారని చెప్పటం సబబు.

మన దేశంలో పెట్టెకు బదులు మరొక మార్గం ఎన్నుకొన్నారు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటిది. 1991లో దీనికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. పాఠాలు తెలుగులో ఇంటికి వస్తాయి. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ప్రయోగాలకు అధ్యయన కేంద్రానికి పోవాలి. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ విశ్వవిద్యాలయంలోనూ ప్రయోగ తరగతులకు హాజరు తప్పనిసరి. 2017లో వెలసిన ‘స్వయం’ వేదికలో నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులు ఉన్నవి. అందులో ఐ.ఐ.టి.లు నడిపే కోర్సులలో ప్రతి వారం ఇచ్చే అభ్యాసాలకు 25 శాతం, పరీక్షాకేంద్రానికి పోయి వ్రాసే పరీక్షకు 75 శాతం మార్కులు. పాఠాలు చూడటానికి రుసుము లేదు, పరీక్షకు ఉన్నది.

నేడు కంప్యూటరు తెరమీదనే ప్రయోగం చేయించే పద్ధతి వ్యాపించింది. ఇందులో రెండు రకాలను వేరుచేసి చూడాలి. స్పెయిన్ దేశానికి చెందిన టెనెరీఫ్ ద్వీపంలో ఓపెన్ యూనివర్సిటీకి ఒక దూరదర్శిని ఉన్నది. విద్యార్థులు తమ ఇంటినుండే దానిని నక్షత్రాలవైపు తిప్పుతారు. మబ్బు పడితే ఆ రాత్రి పని లేదు. తెర మధ్యలో ఉన్నా ఇది నిజమైన ప్రయోగమే. కేవలం తెరమీద గీసిన లోలకం అట్లా కాదు. దాని దారం మెలిపడదు, గాలికి కదలదు, గడియారం నొక్కటంలో ఆలస్యం ఉండదు. చూపటానికి అది బాగుంటుంది. కాని పొరపాటును కొలవటం దానివల్ల రాదు.

నిజమైన లోలకానికి కావలసినది దారం, చిన్న రాయి, టేపు, సెకన్లు చూపే గడియారం. దారం కట్టినచోటు నుండి రాయి మధ్యవరకు సరిగా ఒక మీటరు ఉండాలి. ఊపు చిన్నదిగా ఉండాలి. ఒక పూర్తి ఊపుకు సుమారు 2 సెకన్లు పడుతుంది. గడియారం నొక్కటంలో చేయి 0.2 సెకను తడబడిందనుకొందాం. ఒక్క ఊపునే కొలిస్తే అది పదింట ఒక వంతు పొరపాటు. గురుత్వ త్వరణాన్ని కట్టే లెక్కలో కాలం వర్గమై వస్తుంది కనుక అక్కడ అది 20 శాతం దాకా పెరుగుతుంది. 20 ఊపులను వరుసగా కొలిస్తే తడబాటు అదే 0.2 సెకను, కాని ఇప్పుడు అది 40 సెకన్లలో ఒక చిన్న భాగం. జవాబులో పొరపాటు ఒక శాతానికి దిగుతుంది. ఈ ఉపాయానికి ఖర్చు లేదు. ఏ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలోనైనా మొదట నేర్పేది ఇదే.

20 ఊపులకు 40.2 సెకన్లు వచ్చినవనుకొందాం. ఒక ఊపుకు 2.01 సెకన్లు. పై విలువ వర్గాన్ని నాలుగుతో గుణించి, పొడవుతో హెచ్చవేసి, కాలం వర్గంతో భాగిస్తే 9.77 వస్తుంది. పుస్తకంలో 9.8 అని ఉంటుంది, మరికొన్నిటిలో 9.81. తనది తప్పయిందని విద్యార్థి కొట్టివేయబోతాడు. తొందరపడనక్కరలేదు. భూమధ్యరేఖవద్ద భూమి కొంచెం ఉబ్బి ఉన్నది. భూభ్రమణవేగమూ అక్కడే అధికం. కనుక గురుత్వ త్వరణం అక్కడ సుమారు 9.78, ధ్రువాలవద్ద 9.83. హైదరాబాదు ప్రాంతంలో దాని విలువ 9.78కి దగ్గరగా ఉంటుంది. ఒక శాతం పొరపాటుకు అవకాశం ఉన్న కొలతలో 9.77కు, 9.78కి భేదం చెప్పలేము, 9.81తో కూడా చెప్పలేము. జవాబు పత్రంలో వ్రాయవలసినది 9.77 అని కాదు, 9.77కు అటూ ఇటూ 0.1 అని. దిద్దే గురువు మొదట చూచేది ఆ 0.1నే.