మీ కారును కంపెనీ పిలిచిందేమో చూశారా?

నాందేడ్‌లో మన తెలుగువారి ఇళ్ల ముందు నిలిచే కార్లలో కొన్ని నిజామాబాద్ నుంచో, హైదరాబాద్ నుంచో సెకండ్‌హ్యాండ్‌లో వచ్చినవే. కొనేముందు మనం చాలా ఆరాలు తీస్తాం. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? టైర్లు ఎలా ఉన్నాయి? పాత లోను తీరిందా? ఎన్‌ఓసీ వచ్చిందా? ఎం.హెచ్. 26 నంబరు ఎప్పుడు పడుతుంది? కాని ‘ఈ కారుకు రీకాల్ ఏదైనా పెండింగులో ఉందా?’ అని అడిగేవారు అరుదు. ప్రాణాలతో ముడిపడ్డ ప్రశ్న మాత్రం అదే సుమా!

తయారీలోనే భద్రతకు సంబంధించిన లోపం ఉందని తేలితే, ఆ తేదీల మధ్య తయారైన కార్లను కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా సరిచేయడమే రీకాల్. 2020 జూలైలో మారుతీ సుజుకీ కంపెనీ ఫ్యూయల్ పంపు లోపం కారణంగా 1,34,885 వేగన్ ఆర్, బాలెనో పెట్రోలు కార్లను పిలిచింది. 2021 సెప్టెంబరులో మోటార్ జనరేటర్ యూనిట్ కోసం సియాజ్, ఎర్టిగా వంటి 1,81,754 పెట్రోలు కార్లను పిలిచింది. ఆ భాగం మార్చేవరకు నీళ్లు నిలిచిన చోట నడపవద్దనీ, ఎలక్ట్రికల్ భాగాలపై నేరుగా నీళ్లు కొట్టవద్దనీ హెచ్చరించింది. ఆ మాట చెవిన పడనివారు కారును అలాగే వాననీటిలోకి దింపుతారు కదా!

జపాన్‌కు చెందిన తకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల సంగతి మరీ ఘోరం. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ లోపలి రసాయనం పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు ఎగిరి మనుషులు చనిపోయారు. ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల బ్యాగులు రీకాల్ కింద వచ్చాయి.

మన దేశంలో 2012లో వాహన తయారీదారుల సంఘం స్వచ్ఛంద నియమావళి తెచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, రీకాల్‌కు ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చారు. సంబంధిత నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి.

చట్టం ఉన్నా చిక్కు చిరునామా దగ్గర వస్తుంది. కంపెనీ పుస్తకాల్లో తరచుగా ఉండేది మొదట కొన్నవారి పేరు, ఫోను నంబరు. ఇల్లు మారి బ్యాంకుకు చెప్పకపోతే చెక్కుబుక్కు పాత ఇంటికే పోయినట్టు, రీకాల్ ఉత్తరం కూడా నిజామాబాద్‌లోని పాత యజమానికే పోతుంది. అయితే రీకాల్ మనిషికి కాదు, ఛాసిస్ నంబరుకు వర్తిస్తుంది. చేతులు మారినా మరమ్మతు ఉచితమే.

టెక్నికల్ సర్వీస్ బులెటిన్ వేరు. బ్యాంకు భాషలో చెప్పాలంటే రీకాల్ పత్రికలో వేసే బహిరంగ ప్రకటన, బులెటిన్ బ్రాంచీలకు వచ్చే సర్క్యులర్. ఫలానా మోడల్‌లో ఫలానా చప్పుడు వస్తే ఇలా సరిచేయండి అని కంపెనీ తన వర్క్‌షాపులకు పంపే సూచన అన్నమాట. వారంటీ తీరాక ఆ ఖర్చు సాధారణంగా మనదే. అయినా అడగడం లాభమే. ‘ఈ లోపానికి కంపెనీ బులెటిన్ ఏమైనా ఉందా?’ అంటే, ఒకదాని తర్వాత ఒకటి భాగాలు మార్చి చూసే ఖర్చు తప్పవచ్చు. అమెరికాలో ఉన్న మన పిల్లలైతే అక్కడి రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో రీకాళ్లనూ, బులెటిన్లనూ తామే చూసుకోవచ్చు.

ఇక చేయవలసిన పని. ఆర్.సి.లో ఉన్న 17 అక్షరాలు, అంకెల ఛాసిస్ నంబరు రాసుకోండి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఉండవు. అలా కనిపించేవి ఒకటి, సున్నా అంకెలే. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లో గాని, అధీకృత సర్వీస్ సెంటర్‌లో గాని చూపించండి. మీ పేరు, ఫోను నంబరు అక్కడ నమోదు చేయించండి. రీకాల్ పని జరిగితే జాబ్ కార్డు తీసుకుని ఆర్.సి.తో పాటు దాచుకోండి. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవారికి ఆ కాగితం అందించండి. కొనేవారైతే బయానా ఇచ్చే ముందే ఈ విచారణ ముగించండి. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు.