సభకు ముందటి దినము: చెన్నపట్టణములో అమరావతి

మహాసభలకు పోవు ఉపాధ్యాయులలో రెండు తెగలవారు కలరు. సభ ప్రారంభమగు గంటకు సరిగా రైలు దిగి, తీర్మానములు ముగియగనే మరల రైలెక్కువారు ఒక తెగ. ఒక దినము ముందుగా చేరి ఊరు చూడదలచువారు మరియొక తెగ. మొదటివారిని తప్పుపట్ట పనిలేదు; ఉన్న నాలుగు సెలవులను ఇంటి అవసరములకు దాచుకొనవలసినవారే అందరును. రెండవవారిని చూచినప్పుడే కొంత జాలి కలుగును. ఉదయము మొదలు సాయంకాలము వరకు పది చోట్లకు పరుగులెత్తి, ప్రతిచోట ఒక ఫోటో తీసికొని, వాచిన పాదములతో బసకు చేరుదురు. ఏమి చూచితిరని మరునాడు అడిగినచో, ఊరు చాల పెద్దదందురు.

పెద్ద నగరమును ఒక్క దినములో చూచుట ఎవరివల్లను కాదు. ఆ దినమును ఒకటి రెండు వస్తువులకు ఇచ్చుట మాత్రము మన చేతిలోని పని. తెలుగు జిల్లాలనుండి చెన్నైకి సభకు పోవువారికి అట్టి వస్తువేదో మాకు తోచినంతవరకు మనవి చేయుచున్నాము.

1996 నుండి ఆ నగరమునకు చెన్నై యనునదే అధికారనామము. మన పెద్దల నోట అది మొదటినుండియు చెన్నపట్టణమే. 1639లో ఈస్టిండియా కంపెనీవారికి కోట కట్టుకొనుటకు ఆ సముద్రతీరపు నేలను ఇచ్చినవారు దామెర్ల నాయకులు. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరే పట్టణమునకు వచ్చినదని ప్రసిద్ధి. ఆ కోటయు, అందులో 1680 నాటి సెయింట్ మేరీ చర్చియు చూడదగినవే. కాని ఒక్క దినము మాత్రమే చేత నున్న తెలుగు ఉపాధ్యాయుడు మొదట పోవలసిన చోటు కోట కాదు. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియము.

ఎందువలన? శాతవాహనుల పాఠము చెప్పని సాంఘికశాస్త్రోపాధ్యాయుడు లేడు. పాఠ్యపుస్తకములో అమరావతి శిల్పము తపాలాబిళ్ల యంత బొమ్మగా ఉండును. విహారయాత్రకు పిల్లలను అమరావతికే తీసికొనిపోయినచో, అక్కడ స్తూపమున్న చోట మిగిలినది గుండ్రని ఇటుకల దిబ్బ, దాపున చిన్న మ్యూజియము. “శిల్పములన్నియు ఏవి మాస్టారూ?” అని పిల్లలు అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు చాలవరకు రెండు నగరములలో ఉన్నది. ఒకటి లండను. రెండవది చెన్నై.

సెంట్రలు స్టేషనులో దిగినవారికి మెట్రోలో తరువాతి స్టేషనే ఎగ్మూరు. అక్కడినుండి పాంథియన్ రోడ్డునకు నడచిపోవచ్చును. అన్నట్లు, శుక్రవారము మ్యూజియమునకు సెలవు. మన సభలు తరచుగా శనివారమే ఆరంభమగును గనుక ఈ మాట ప్రయాణమునకు ముందే గుర్తుంచుకొనుట మంచిది.

1851లో స్థాపితమైన ఆ మ్యూజియములో కంచువిగ్రహములు మొదలు తిమింగలము ఎముకలవరకు అన్నియు కలవు. వాటినన్నిటిని దాటి అమరావతి రాళ్లయొద్దకు పోవలెను. పాలరాళ్లని వాడుకయే గాని, నిజమునకు అవి పలనాటి సున్నపురాళ్లు. వాటిలో నళగిరి యను మదపుటేనుగును బుద్ధుడు లొంగదీసిన కథను చెక్కిన గుండ్రని ఫలక మొకటి ఉన్నది. దేవదత్తుడు రాజగృహపు వీధిలో బుద్ధునిపై ఏనుగును వదలించినాడు. శిల్పి ఆ ఏనుగును ఒకే వలయములో రెండుమార్లు చూపినాడు. ఒకవైపు అది తొండముతో మనిషిని పట్టి విసరుచున్నది. మరియొకవైపు అదే ఏనుగు మోకరించి యున్నది. నడుమ చెల్లాచెదరగు జనము, భయముతో ఒకరినొకరు పట్టుకొన్నవారు, మేడ గవాక్షములనుండి తొంగిచూచువారు. కథలోని ముందు వెనుకలను ఒక రాతిలో ఎట్లు ఇమిడ్చినాడో తెలియుటకు కనీసము పావుగంట నిలుచుండవలెను. ఫోటో తీసి ముందుకు పోయినవారికి అది తెలియదు.

ఈ రాళ్లను చేయించినవారు రాజులు మాత్రమే కారు. తోలుపని చేయు విధికుడను నతడు తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కలిసి పూర్ణఘటపు పలక నొకదానిని దానమిచ్చినట్లు అమరావతి శాసన మొకటి చెప్పుచున్నది. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడట! పాఠములో రాజుల పేర్లు చదివి విసిగిన పిల్లలకు ఈ తోలుపనివాని ఇల్లు ఎక్కువగా గుర్తుండును.

ఇక రాళ్లు ఇక్కడికి వచ్చిన కథ. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో పట్టణము కట్టించుచుండగా దిబ్బను త్రవ్వి ఇటుకలు, పలకలు తీసికొనిపోయినారు. ఆ వార్త విని వచ్చిన కాలిన్ మెకంజీ తరువాత 1816లో చిత్రకారులతో మరల వచ్చి బొమ్మలు గీయించినాడు. అతనికి దేశచరిత్ర తెలిపినవారు మన కావలి సోదరులు: బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన రాళ్లు మద్రాసు చేరి ఏండ్లతరబడి ఎండకు, వానకు ఆరుబయట పడియుండినవి. 1859లో వానిలో 121 రాళ్లు లండనుకు పోయినవి. అక్కడను వెంటనే ఆదరణ దొరకలేదు. ఫెర్గూసన్ అను పండితుడు వాటిని వెలికి తెచ్చువరకు గుర్రపుసాలలో పడియున్నవి. తరువాతి త్రవ్వకములలో దొరకినవాటిలో పెద్దభాగము ఎగ్మూరునకు చేరినది. కాపాడినవారెవరు, చెల్లాచెదరు చేసినవారెవరు అని తీర్పుచెప్పుట సులభము కాదు. పెద్ద తరగతులకు ఇది మంచి చర్చావిషయము.

మ్యూజియము ఆవరణలోనే 1896లో తెరచిన కన్నెమరా గ్రంథాలయము కలదు. 1954 నాటి చట్టము ప్రకారము దేశములో అచ్చైన ప్రతి గ్రంథపు ప్రతిని పొందు నాలుగు గ్రంథాలయములలో ఇది ఒకటి. మెకంజీ, బ్రౌను దొరల సేకరణలు చేరిన ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము కూడ ఈ నగరములోనిదే. కాని అది ఒక పూటలో ముగియు పని కాదు; మరియొక సెలవు దొరకినప్పుడు పోవలెను.

మధ్యాహ్నము మైలాపూరు పోవచ్చును. అక్కడ రాయపేట హైరోడ్డులో బులుసు సాంబమూర్తి గారి ఇంట పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష పూని, 58 దినముల పిమ్మట డిసెంబరు 15 రాత్రి మరణించినారు. అది నేడు ఆయన స్మారకభవనము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వచ్చినది. నగరము రాలేదు, రాళ్లును రాలేదు. ఈ భవనముముందు నిలుచుండి, ఉదయము చూచిన ఫలకమును తలచుకొన్నవారికి ఆ సంవత్సరముల తగవు పుస్తకములోకంటె కొంత దగ్గరగా తెలియును.

అక్కడినుండి సముద్రతీరము దూరము కాదు. తీరమునకు ఎదుట ప్రెసిడెన్సీ కళాశాల ఉన్నది. 1909లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యాపకవృత్తి నారంభించినది అచ్చటనే. చీకటి పడకముందే బసకు చేరుట మేలు. గుర్తున్నంతవరకు నళగిరి ఏనుగును, రెండు రూపములను, ఒక కాగితముమీద గీసికొనవలెను. నల్లబల్లమీద సుద్దతో మరల గీయుటకు అది చాలును. చిత్రలేఖనము రానివారు ప్రక్కమంచము మీది డ్రాయింగు మాస్టారిని అడుగవచ్చును. అధ్యక్షోపన్యాసము మరునాటి ఉదయము గాని లేదు గదా.