కొలదిమందితో విమానయాత్ర



సొంత బండి గలవాడు తనకు తోచినప్పుడు బయలుదేరును; తనకు తోచినచోట నిలుపుకొనును. సొంత విమానము గలవారికిని అట్టి స్వేచ్ఛయే కలదని పలువురు తలంతురు. కాని బండి దారి తప్పినచో ఎద్దులను నిలిపి, చేనిలోని కాపు నడిగి తెలిసికొనవచ్చును. ఆకాశమున నిలుచుటకు వీలులేదు. నడిసముద్రముపై అడుగుటకు మనుష్యుడు లేడు. కావున కొలదిమంది మాత్రమే యొక విమానమెక్కి దూరదేశములకు పోవునపుడు ఎవరికి ఏ పని యుండవలెనో, అందొక పని చూచువాడు లేకున్న ఎట్టి యిక్కట్టు కలుగునో నేడు మీకు మనవి చేసెదను. ఇందులకు జరిగిన యాత్రలు రెంటిని దృష్టాంతముగా గైకొందును.

మొదటిది 1928వ సంవత్సరమున జరిగినది. చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్, చార్లెస్ ఉల్మ్ అను ఆస్ట్రేలియా దేశీయు లిరువురు అమెరికానుండి తమ దేశమునకు పసిఫిక్ మహాసముద్రము మీదుగా ఎగిరిపోవ సంకల్పించిరి. అంతకుముందు ఆ దారిని ఎవ్వరును పోయి యుండలేదు. వారి విమానము పేరు ‘సదరన్ క్రాస్’. అది మూడు ఇంజనులు గల ఫాకర్ విమానము. చేతిలోని ధనము చాలనప్పుడు హాంకాక్ అను అమెరికా ధనికుడు వారి నాదుకొనెను.

వీరిద్దరును విమానము నడుపనేర్చినవారే. అయినను ఇంకను ఇద్దరు అమెరికనులను చేర్చుకొనిరి. హారీ లయన్ ఓడలపై పనిచేసిన నావికుడు. దారి లెక్క కట్టుట ఆయన పని. జేమ్స్ వార్నర్ రేడియో యంత్రమును చూచువాడు. ముందు కూర్చుండి నడుపువారికిని, వెనుక నున్న వీరికిని నడుమ పెద్ద పెట్రోలు తొట్టి అడ్డముగా నుండెను. ఇంజనుల హోరులో కేక వేసినను వినబడదు. అందుచేత కాగితముపై వ్రాసి, కఱ్ఱ చివర తగిలించి, ఒకరి కొకరు అందించుకొనుచుండిరి. నలుగురి ప్రాణములును ఆ కాగితపు ముక్కలపై నాధారపడి యుండెను.

మే 31వ తేదీన వారు ఓక్‌లండ్ విడిచి, 27 గంటలకు పైగా ఎగిరి హవాయి చేరిరి. అచ్చటినుండి ఫిజీ ద్వీపములలోని సువా పట్టణము 3,100 మైళ్లకు పైబడిన దూరము. ఆ దూరమును ఎచ్చటను దిగక 34 గంటలకు పైగా ఎగిరిరి. సువాలో విమానము దిగదగిన మైదానము లేకుండుటచే, ఒక ఆటస్థలమునందలి చెట్లను కొట్టించి చోటు చేసిరి. జూన్ 9వ తేదీన వారు క్షేమముగా బ్రిస్బేన్ నగరమున దిగిరి.

ఇందు దారి లెక్క యనగా నేమో కొంత చెప్పవలెను. దిక్సూచి మనము ఎటు మొగము పెట్టితిమో చెప్పును గాని, గాలి మనలను ప్రక్కకు ఎంత నెట్టినదో చెప్పదు. గోదావరి దాటు పడవను ఎదుటి రేవునకు సూటిగా పట్టినచో ప్రవాహము దానిని దిగువకు ఈడ్చుకొనిపోవును. అది యెరిగిన సరంగు కొంత ఎగువకు పట్టును. విమానమునకు గాలియే ప్రవాహము. దారి ఒక్క డిగ్రీ తప్పినచో 60 మైళ్లు పోవునప్పటికి ఒక మైలు ఎడమగును. 2,500 మైళ్లు పోవునప్పటికి 40 మైళ్లకు పైగా ఎడమగును.

ఈ తప్పును దిద్దుకొనుటకు సూర్యుడు ఎంత యెత్తున నున్నాడో, నక్షత్రము ఎంత యెత్తున నున్నదో కొలిచి, గడియారము చూచి, తా మున్న తావును గణించెదరు. భూమి 4 నిమిషములకు ఒక డిగ్రీ తిరుగును. కావున గడియారము ఒక్క నిమిషము తప్పినచో, భూమధ్యరేఖ వద్ద లెక్క సుమారు 17 మైళ్లు తప్పును. సరియైన కాలము రేడియో ద్వారా తెలియును. అంతేకాక, మబ్బు క్రమ్మి నక్షత్రములు కానరానప్పుడు రేడియో ధ్వని వచ్చు దిక్కును బట్టియు దారి తెలిసికొనవచ్చును.

ఇక రెండవ యాత్ర. 1937వ సంవత్సరమున అమెలియా ఇయర్‌హార్ట్ అను అమెరికా వనిత భూప్రదక్షిణమునకు పూనుకొనెను. మార్చి నెలలో తొలిసారి బయలుదేరినపుడు ఆమె వెంట దారి లెక్క చూచు ఫ్రెడ్ నూనన్, ఓడల కప్తానును రేడియోలో నేర్పరియు నైన హారీ మానింగ్ ఉండిరి. హొనొలులూలో నేల విడుచు సమయమున విమానము దెబ్బతినెను. ఎవ్వరికిని గాయము తగులలేదు. కాని పిమ్మట మానింగ్ తన ఓడ యుద్యోగమునకు మరలిపోయెను. విమానము బాగుపడినపిదప ఆమెయు నూనను మాత్రమే బయలుదేరిరి. జూన్ నెలలో కరాచీ, కలకత్తా, రంగూను నగరములలో దిగి తూర్పునకు సాగిరి.

జూలై 2వ తేదీన న్యూగినీలోని లే పట్టణము విడిచి హౌలండ్ ద్వీపమునకు బయలుదేరిరి. దూరము 2,500 మైళ్లకు పైన. ఆ ద్వీపము పొడవు ఒకటిన్నర మైలు, వెడల్పు అర మైలు. అచ్చట ఇటాస్కా అను అమెరికా తీరరక్షక నౌక వేచియుండి, గుర్తు కొఱకు పొగ రేపెను. ఆమె కంఠము ఓడవారికి స్పష్టముగా వినబడెను. ద్వీపము కనబడుటలేదనియు, పెట్రోలు తగ్గిపోవుచున్నదనియు ఆమె తెలిపెను. కాని ఓడవారి మాటలు ఆమెకు చేరలేదు. రేడియో ధ్వనిని బట్టి దిక్కు కనుగొనుటయు ఆమెకు సాధ్యపడలేదు. తరువాత ఆ కంఠము మరల వినబడలేదు. ఓడలును విమానములును ఎంత వెదకినను వారి జాడ తెలియలేదు.

మానింగ్ వెంట నున్నచో వారు బ్రతికియుండెడివారని ఎవ్వరును ప్రమాణము చేయజాలరు. కాని ఆపద వచ్చినది మాత్రము అతడు చూచుచుండిన పనియందే యని గమనింపుడు. ధైర్యమునకు ఆమెయందు లోపము లేదు. లెక్కలో నూనన్ సామాన్యుడు కాడు. ఒక పనికి తగిన మనిషి లేకుండెను.

నేడు కృత్రిమ ఉపగ్రహములు విమానమున్న తావును క్షణక్షణము తెలుపుచున్నవి. లయన్ పనియు, వార్నర్ పనియు చాలవరకు యంత్రములే చేయుచుండుటచే సొంత విమానమును ఇద్దరు వైమానికులే ఖండములు దాటించుచున్నారు. మనుష్యులు తగ్గిరి గాని పనులు తగ్గలేదు. దారి యెరుగుట, గాలివానల వార్త తెలిసికొనుట, పెట్రోలు లెక్క చూచుట, పోవు దేశముల అనుమతి పొందుట, ఇవన్నియు ఆ యిద్దరిపైననే యున్నవి. కావున దూరమునకు పోవు మీ కుమారులైనను, మనుమలైనను, నావపై నైనను విమానముపై నైనను ప్రయాణమగునపుడు, ‘బండి మంచిదేనా?’ అని మాత్రమే అడుగక, ‘ఏ పని ఎవరు చూతురు?’ అని కూడ అడుగుడని నా మనవి.