సిలువపై నాలుగవ మాట

యేసుక్రీస్తు సిలువపై ఉండగా పలికినట్లు సువార్తలు తెలిపే ఏడు మాటలలో నాలుగవది తెలుగు క్రైస్తవులలో "నాలుగవ మాట"గా ప్రసిద్ధం. దేవుడు తనను ఎందుకు విడనాడాడని యేసు బిగ్గరగా అడిగిన ప్రశ్న ఇది. ఏడింటిలోను వ్యాఖ్యానించుటకు మిక్కిలి కష్టమైనది ఇదే. యేసు దైవస్వరూపుడైనచో ఆయనను విడనాడిన దైవమెవరు? దేవునికి బాధ కలుగుతుందా? దేవుని ఎడబాటు అనగా ఏమి? క్రైస్తవ వేదాంతంలోని ఈ మూడు ప్రశ్నలూ ఈ ఒక్క మాట వద్ద కలుస్తాయి.

మూలం

ఈ మాట మత్తయి (27:46), మార్కు (15:34) సువార్తలలో మాత్రమే ఉన్నది. లూకా, యోహాను సువార్తలలో లేదు. దేవుని సంబోధించే పదం మత్తయిలో "ఏలీ" అని, మార్కులో అరమాయిక్ రూపంలో "ఎలోయీ" అని కనబడుతుంది. దగ్గర నిలిచినవారు కొందరు ఏలీయా ప్రవక్తను పిలుస్తున్నాడని పొరబడినట్లు రెండింటిలోను ఉన్నది. "ఏలీ" అనే రూపమైతే ఆ పొరపాటు సులభంగా అర్థమవుతుంది.

ఇది 22వ కీర్తన ఆరంభ వాక్యం. ఆ కీర్తన వేదనతో మొదలై స్తుతితో ముగుస్తుంది. కావున మొదటి పాదం పలికి కీర్తన మొత్తాన్ని స్ఫురింపజేశాడని కొందరు వ్యాఖ్యాతల అభిప్రాయం. హరికథకుడు పద్యం ఎత్తుకోగానే సభలోని పెద్దలకు మిగిలిన పాదాలు తోచినట్లన్నమాట. అయితే ఈ వివరణను అడ్డుపెట్టుకొని ప్రశ్నలోని తీవ్రతను తగ్గించుట తగదు. మార్కు సువార్తలో దీని తరువాత యేసు నోట మరొక మాట లేదు. ఒక పెద్ద కేక, ఆపై మరణం మాత్రమే.

ఈ మాట ప్రాచీనులను కూడా ఇబ్బంది పెట్టింది. కోడెక్స్ బెజే అనే ప్రాచీన వ్రాతప్రతిలో మార్కు వాక్యం "ఎందుకు నిందించావు" అనే అర్థం వచ్చేట్లు మారింది. బైబిలులో చేరని పేతురు సువార్తలో దేవునికి బదులు "నా శక్తి" తనను వీడినట్లు ఉన్నది.

దైవ స్వభావం

దేవుడు మార్పునకు, బాధకు అతీతుడని తొలి శతాబ్దాల సంఘపితరులు నమ్మారు. తండ్రియే సిలువపై బాధపడ్డాడన్న వాదాన్ని తెర్తుల్లియన్ 3వ శతాబ్ది ఆరంభంలో ఖండించాడు. సా.శ. 451లో జరిగిన కాల్సెడోన్ సభ, క్రీస్తు ఒకే వ్యక్తి అని, ఆయనలో దైవ, మానవ స్వభావాలు రెండూ కలగాపులగం కాకుండా, విడిపోకుండా ఉన్నవని నిర్ణయించింది. దీని ప్రకారం బాధ మానవ స్వభావానికి చెందినది. కాని బాధపడిన వ్యక్తి దైవకుమారుడే. విద్యార్థులు సాధారణంగా ఇందులో మొదటి సగం పట్టుకొని రెండవ సగం వదిలివేస్తారు.

నాజియాంజస్ గ్రెగరీ (4వ శతాబ్ది) అభిప్రాయంలో తండ్రి యేసును విడనాడలేదు. దేవునికి దూరమైన మానవజాతి పక్షాన ఆయన ఆ మాట పలికాడు. జాన్ కాల్విన్ (1509–1564) దీనిని మరింత లోతుకు తీసుకువెళ్లి, పాపికి రావలసిన నరకయాతనను క్రీస్తు తన ఆత్మలో అనుభవించాడన్నాడు. నరకంలోని ప్రధాన శిక్ష దేవుని నుండి శాశ్వతమైన ఎడబాటేనని కాథలిక్కు బోధ కూడా చెబుతుంది.

20వ శతాబ్దిలో ఆలోచన మలుపు తిరిగింది. జపాను వేదాంతి కజో కితమోరి 1946లో దేవుని వేదనపై గ్రంథం ప్రచురించాడు. జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మన్ (1926–2024) 1943లో హాంబర్గుపై జరిగిన బాంబుదాడిలో పక్కనే ఉన్న మిత్రుని కోల్పోయి, తరువాత యుద్ధఖైదీగా ఉండగా మార్కు సువార్తలోని ఈ మాటను చదివాడు. "సిలువ వేయబడిన దేవుడు" అనే అర్థం గల ఆయన గ్రంథం 1972లో వెలువడింది. కుమారుడు ఎడబాటును, తండ్రి పుత్రశోకాన్ని భరించారని ఆయన వాదం. దేవుడే బాధలో చిక్కుకొన్నచో రక్షించేదెవరని విమర్శకుల ప్రశ్న. అది తేలికగా కొట్టివేయదగినది కాదు.

తెలుగునాట

దేవుని నిలదీయుట తెలుగువారికి కొత్త కాదు. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న రాముని ఎత్తిపొడిచిన కీర్తనలు ఎరుగనివారు లేరు. అయితే అక్కడ అడిగేవాడు భక్తుడు. ఇక్కడ అడిగేవాడు, క్రైస్తవ విశ్వాసం ప్రకారం, దైవకుమారుడు. పోలిక అంతవరకే.

తెలుగు క్రైస్తవులలో అధికులు దళిత కుటుంబాలవారు. వేదాంతి అరవింద్ పి. నిర్మల్ 1980లలో రూపుదిద్దిన దళిత వేదాంతం, క్రీస్తు సిలువ బాధను వెలివేతకు గురైనవారి అనుభవంతో కలిపి చదివింది.

మంచిర్యాల జిల్లా జైపూర్, గోదావరికి ఆవలనున్న గోదావరిఖని, రామగుండం సింగరేణి ప్రాంతంలోనివి. 1999లో ఏర్పడిన సీరో-మలబారు కాథలిక్కు ఆదిలాబాదు మేత్రాసనానికి కేంద్రం మంచిర్యాల. బొగ్గుగనుల నేలపై బాధను గూర్చిన ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు మరణించారు. ఇటువంటి మరణాలను పాపానికి శిక్షగా చెప్పే ప్రసంగీకులు ఎక్కడైనా ఉంటారు. లూకా సువార్త 13వ అధ్యాయం దీనికి విరుద్ధం: సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది ఇతరులకంటె పాపులు కారని యేసు స్పష్టంగా చెప్పాడు. ఎందుకు చనిపోయారన్నది మాత్రం ఆయన వివరించలేదు. నాలుగవ మాటకు కూడా సువార్తలో జవాబు లేదు.

ఆరాధనలో

శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) నాడు పలు తెలుగు సంఘాలలో మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. ఈ మూడు గంటల ఆరాధన 17వ శతాబ్ది చివరిలో పెరూ దేశపు లీమాలో జెస్యూట్ గురువుల ద్వారా వ్యాపించినదని చెబుతారు. తెలుగు సంఘాలలో ఒక్కొక్క మాటపై ఒక్కొక్కరు ప్రసంగించే వాడుక ఉన్నది. నడుమ కీర్తనలు పాడతారు. నాలుగవ మాట ఏడింటికి నట్టనడుమ, చీకటి కమ్మిన ఘట్టంలో వస్తుంది.