తరగని పదహారవ కళ

పంచాంగము చూడని తెలుగు ఇల్లు అరుదు. గోడ క్యాలెండరులో నల్లని చుక్క అమావాస్యకు గుర్తు. ఆ చుక్క కనబడగానే పెద్దల నోట 'వద్దు' అను మాట వచ్చును. ప్రయాణము వద్దు, క్రొత్త పని వద్దు, కొన్ని ఇండ్లలో వైద్యుని వద్దకు పోవుట కూడ వద్దు. మొదటి రెండింటితో మాకు పేచీ లేదు. ఆ మూడవ 'వద్దు' మా ఇంట చేసిన నష్టమే ఈ వ్యాసమునకు కారణము.

మా మేనత్తగారికి మధుమేహము చాల కాలముగా కలదు. ఒక వేసవిలో చెప్పు ఒరుసుకొని కుడికాలి చిటికెన వ్రేలి ప్రక్కన చిన్న పుండు పడినది. నొప్పి లేదు గనుక ఆమె దానిని లెక్క చేయలేదు. మధుమేహమున పాదమునకు స్పర్శ తగ్గుననియు, నొప్పి లేకపోవుటయే అక్కడ ప్రమాదమనియు అప్పటికి మాలో ఎవరికిని తెలియదు. చతుర్దశి సాయంకాలమునకు పుండు చుట్టును ఎరుపెక్కి పాదము వాచినది. ఆస్పత్రికి పోదమన్నాను. "అమావాస్య పూట డాక్టరు గడప తొక్కడమేమిట్రా నాయనా! పాడ్యమి కూడా పోనీ, విదియ నాడు వెళదాం" అనిరి. విదియ నాటికి వ్రేలు నల్లబడినది. దానిని తీసివేయక తప్పలేదు.

ఆమె ప్రతి శుక్రవారము లలితా సహస్రనామ పారాయణము తప్పని ఇల్లాలు. ఆమె భయపడిన ఆ రెండు తిథులు ఆమె కొలుచు దేవత పరివారములో ఎవరివో ఆమెకు ఎవరును చెప్పియుండలేదు. నాకును చాల ఏండ్ల తరువాత, శ్రీవిద్యా గ్రంథములు తిరగవేయుచున్నప్పుడు గాని తెలిసిరాలేదు.

శ్రీవిద్యలో కాలమునకు రూపము స్త్రీ రూపము. చంద్రుడు సూర్యుని నుండి 12 డిగ్రీలు ఎడమగుటకు పట్టు సమయము ఒక తిథి. చంద్రుని నడకలో వేగము సమముగా ఉండదు గనుక ఒక తిథి సుమారు 20 గంటలలో ముగియవచ్చును, మరియొకటి 26 గంటలు దాటవచ్చును. ఈ ఒక్కొక్క తిథికి ఒక్కొక్క నిత్యాదేవత అధిదేవత. కామేశ్వరి, భగమాలిని, నిత్యక్లిన్న, భేరుండ, వహ్నివాసిని, మహావజ్రేశ్వరి, శివదూతి, త్వరిత, కులసుందరి, నిత్య, నీలపతాక, విజయ, సర్వమంగళ, జ్వాలామాలిని, చిత్ర - శుక్ల పాడ్యమి మొదలు పౌర్ణమి వరకు వరుస ఇది. శ్రీచక్రములో నడిమి త్రికోణమునకు ఒక్కొక్క భుజమున ఐదుగురు చొప్పున ఈ పదిహేనుగురిని అర్చింతురు. పదహారవ నిత్య బిందువునందున్న లలితయే. సహస్రనామములో ఆమెను తిథుల మండలముచే పూజింపబడునదిగాను, పదహారు నిత్యల రూపముగాను చెప్పు నామములు కలవు. 18వ శతాబ్దిలో భాస్కరరాయలు ఆ నామములకు భాష్యము వ్రాసినారు. మన తెలుగువాడైన లొల్ల లక్ష్మీధరుడు అంతకు పూర్వమే సౌందర్యలహరి వ్యాఖ్యలో చంద్రకళల విషయమును విపులముగా చర్చించెను.

చంద్రునికి చెందిన దేవతలనగానే అందరును చల్లని తల్లులని అనుకొనరాదు. నిత్యక్లిన్న యన ఎల్లప్పుడు దయతో తడిసి యుండునది. కాని పంచమికి అధిదేవతయైన వహ్నివాసిని అగ్నిలో నివసించునది. పౌర్ణమికి ముందు రోజున వచ్చు జ్వాలామాలినికి మంటలే మాల. రాత్రివేళ చాటుగా మీదపడిన విషంగుని సేనలను ఈ నిత్యలే ఎదిరించిరని లలితోపాఖ్యానము చెప్పును. అగ్నిని, సోమమును ఒకే వరుసలో కూర్చుట తంత్రమునకు సహజము. ఆయుర్వేదమునకును అంతే.

ఇక అసలు విషయము. కృష్ణపక్షమున ఈ వరుస తిరుగబడును. బహుళ పాడ్యమి చిత్రది, బహుళ చతుర్దశి భగమాలినిది, అమావాస్య కామేశ్వరిది. మరునాటి శుక్ల పాడ్యమియు కామేశ్వరిదే. అనగా అమావాస్య నాటి దేవత మరునాడును అక్కడనే ఉన్నది. మా మేనత్తగారు గడప దాటనన్న రెండు దినములును ఒకే కామేశ్వరివి. ఈ లెక్క చూచిన నాడు నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని.

పదిహేను కళలు పెరిగి తరుగును, పదహారవది తరగదు అను భావము తంత్రముల కంటె పురాతనము. బృహదారణ్యకోపనిషత్తు ప్రజాపతిని పదహారు కళలవానిగా చెప్పి, రాత్రులే పదిహేను కళలనియు, పదహారవది స్థిరమనియు అనును. అమావాస్య రాత్రి ఆయన ఆ స్థిరకళతో ప్రాణులన్నిటిలో ప్రవేశించి మరునాటి ఉదయమున పుట్టునట. అందుచేత ఆ రాత్రి ఏ ప్రాణిని చంపరాదు, తొండను సైతము చంపరాదు అని అక్కడ ఉన్నది. గమనింపుడు: ఇది భయము చేత పుట్టిన నిషేధము కాదు. ఆ రాత్రి ప్రాణము సమస్త జీవులలో నిండియున్నదను గౌరవము చేత పుట్టినది. ప్రాణమును కాపాడు పనిని ఆ రాత్రి వాయిదా వేయుమని ఏ శ్రుతియు ఇచ్చట చెప్పలేదు.

మన ఆడువారి పండుగలు ఈ సంగతిని మరువలేదు. పోలాల అమావాస్య నాడు కోస్తా జిల్లాలలో కంద మొక్కను దేవతగా నిలిపి బిడ్డల క్షేమము కోరుదురు. తెలంగాణమున బతుకమ్మ మొదలగునది భాద్రపద అమావాస్య నాడే. దీపావళి లక్ష్మీపూజ సంగతి చెప్పనక్కరలేదు.

ఆయుర్వేదమునకు వత్తము. సుశ్రుతుడు చికిత్సాస్థానమున సోమలతను వర్ణించుచు, శుక్లపక్షమున దినమునకొక్క ఆకు పుట్టి పౌర్ణమికి పదిహేను ఆకులగుననియు, కృష్ణపక్షమున ఒక్కొక్కటి రాలి అమావాస్యకు తీగ మాత్రము మిగులుననియు చెప్పెను. నిత్యల మండలమే మొక్క రూపమున నిలిచినట్లు లేదా! అయితే తిథిని బట్టి ఆకులు తొడుగు మొక్కను నేటి వృక్షశాస్త్రము ఎరుగదు. సోమలత పేరు చెప్పి ఎవరైన తీగ ముక్కలు అమ్మవచ్చినచో కొనవద్దు. ఇక్కడ గ్రహింపవలసినది ఆకులు రాలినను తీగ చావలేదన్న మాట. పదహారవ కళ యన అదియే.

చరకుడు సంవత్సరమును రెండుగా విభజించెను. శిశిర వసంత గ్రీష్మములు ఆదానకాలము, సూర్యుడు బలమును గ్రహించును. వర్ష శరద్ హేమంతములు విసర్గకాలము, చంద్రుడు బలమును ప్రసాదించును. శరత్తులో పగటి యెండకు కాగి రాత్రి వెన్నెలకు చల్లారిన నిర్మల జలమునకు హంసోదకమని పేరు. ఆ ఋతువున ప్రదోషవేళ వెన్నెల సేవనము మంచిదన్నాడు. మేడ మీద కూర్చుండి వెన్నెల సేవింపుడు, అభ్యంతరము లేదు. నీటిని మాత్రము కాచియే త్రాగుడు. చరకుడు చూచిన జలాశయములు నేడు మన ఊళ్ల ప్రక్కన లేవు.

తాంత్రికులు కాలమును ఆకాశమునందే కాక ఊపిరి యందును లెక్కించిరి. దినమునకు 21,600 శ్వాసలని వారి గణన. అనగా నిమిషమునకు 15. ఆరోగ్యవంతుడైన పెద్దవాడు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషమునకు 12 నుండి 20 మార్లు శ్వాసించునని నేటి వైద్యులందురు. పూర్వుల లెక్క సరిగా ఈ నడుమ పడుచున్నది. ఇంటిలో జ్వరపడిన పెద్దవారు నిద్రించుచుండగా గడియారము పెట్టుకొని ఒక నిమిషము లెక్కించుట మంచి అలవాటు. శ్వాసలు 25 దాటుచున్నచో ఏ తిథియైనను వైద్యుని పిలువవలెను.

ఉపవాసముల విషయము కూడ చెప్పవలెను, ఏలయన తిథిని పట్టుకొని ఏకాదశులు చేయు వృద్ధులు మన ఇండ్లలో అనేకులు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును పదిహేను దినములు అన్నము మాని నీరు మాత్రము త్రాగుమనెను. పదహారవ నాడు వేదము చెప్పుమనగా కుమారునికి ఏదియు తోచలేదు. మిణుగురంత నిప్పు మిగిలినట్లు నీలో ఒక్క కళయే మిగిలినది, పోయి భుజింపుమని తండ్రి పంపెను. భుజించి వచ్చిన పిమ్మట అన్నియు జ్ఞప్తికి వచ్చినవి. మనస్సు అన్నమయమని బోధించుటకే ఆ ఉపవాసము. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక ఉపవసించినచో ఆ ఒక్క కళకును ముప్పు రావచ్చును. ఉపవాస దినమున చెమటలు, వణుకు, మాట తడబాటు కనబడిన వెంటనే, స్పృహలో నున్నచో, నోటిలో చక్కెర గాని గ్లూకోజు గాని వేయవలెను. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయక ఆస్పత్రికి చేర్చవలెను. వ్రతభంగమని వెనుదీయరాదు.

పుండు సంగతికి చరకుని ఉపమానము ఒకటి చాలును. లేత మొక్కను కొద్ది శ్రమతో కోయవచ్చును, అదియే మ్రానైన పిదప మహాప్రయత్నము కావలెను. రోగమును అట్టిదే అన్నాడు. మధుమేహులు దినదినము పాదముల అడుగు భాగము, వ్రేళ్ల సందులు చూచుకొనవలెను. వంగలేనివారు అద్దము వాడవలెను. పుండు ఎరుపెక్కినను, వాచినను, నీరు కారినను ఆ పూటయే చూపించుకొనవలెను. పసుపు అద్ది కట్టు కట్టి వేచియుండుట ఈ రోగులకు తగదు.

మా మేనత్తగారు నేటికిని అమావాస్య నాడు ప్రయాణము చేయరు. వారి నమ్మకముతో నేను వాదించుట మానితిని. ఒక కాగితము మీద నిత్యల పేర్లు తిథుల వరుసగా వ్రాసి దేవుని గదిలో అంటించి యిచ్చితిని. ఇప్పుడు ప్రతి రాత్రి దీపము కొండెక్కిన తరువాత ఆమె చిన్న అద్దము తీసి, ఆ నాటి నిత్య పేరు తలచుకొని, మిగిలిన తొమ్మిది వ్రేళ్లును చూచుకొందురు. నల్లని చుక్క ఉన్న నాడు కామేశ్వరి పేరు.